ఆటిజం బాబు, వీల్‌చైర్ పాప, మోకాళ్ల నొప్పుల అత్తగారితో కావలి నుంచి థీమ్ పార్కుకు: ఏం చూసుకోవాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి

ప్రశ్న ఇదీ: కుటుంబం కావలిలో ఉంటుంది. తొమ్మిదేళ్ల బాబుకి ఆటిజం, నీళ్లంటే ప్రాణం, లైన్లో నిలబడలేడు. మరిదిగారి పాపకి పదమూడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, వీల్‌చైర్ మీదే ఉంటుంది. అత్తగారికి అరవై ఆరు, షుగరు, మోకాళ్ల నొప్పులు, పుట్టి పెరిగింది కనిగిరి వైపు. ఇంకో ఇద్దరు పిలకాయలు అన్ని రైడ్లూ ఎక్కాలని ఎదురుచూస్తున్నారు. మే సెలవుల్లో ఒక్కరోజులో చెన్నై పోయి వచ్చేయొచ్చా, హైదరాబాద్ మేలా, లైన్ లేకుండా పంపిస్తారా అని అడిగారు.

ముందు పొట్టి జవాబు. మే నెలలో వద్దు. ఒక్కరోజులో వద్దు. లైన్ సంగతి పార్కువాళ్లతో మెయిల్లో తేల్చుకున్నాకే టికెట్లు కొనండి. ఈ మూడూ పాటిస్తే మీ ఇంట్లో ఎవరినీ వదిలిపెట్టి వెళ్లాల్సిన పని లేదు, అత్తగారిని కూడా.

ఇలాంటి ప్రయాణాలు చెడేది రైడ్ల దగ్గర కాదమ్మా, వేచి ఉండే చోట. గేటు ముందు, లాకర్ దగ్గర, భోజనం కౌంటర్లో, బట్టలు మార్చుకునే గది బయట. రోజు మొత్తంలో రైడ్ మీద ఉండేది కాసేపే, మిగిలినదంతా నిలబడటం, నడవటం, ఎదురుచూడటం. అందుకే ఏ రైడ్లు ఎక్కుదాం అన్న జాబితాకన్నా, ప్రతి ఎదురుచూపులో బాబు ఎక్కడుంటాడు, పాప ఎక్కడుంటుంది, అత్తగారు ఎక్కడ కూర్చుంటారు అన్న జాబితా ముందు రాసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా మన బడులకు సెలవులు. తమిళనాడు పిలకాయలకీ దాదాపు అప్పుడే. ఎండకి ఎండ, జనానికి జనం. సంక్రాంతి వారం అంతకన్నా కష్టం: పొంగల్ నాలుగో రోజైన కాణుం పొంగల్‌కి చెన్నైలో బీచ్‌లూ పార్కులూ కిక్కిరిసిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా మనకీ చెన్నైకీ ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు కట్టే తెగిన సంగతి మనవాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ నెలల్లో వెళ్లాలంటే రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే టికెట్టూ గదీ అయితేనే తీసుకోండి. వాన లేకపోయినా ఉరుము మెరుపు కనబడితే ఎత్తైన రైడ్లు ఆపేస్తారు, నీళ్లలోంచి అందరినీ బయటికి రమ్మంటారు. ఎందుకు ఆపారో బాబుకి అర్థం కాదు.

నా లెక్కలో మంచి కాలం రిపబ్లిక్ డే దాటాక ఫిబ్రవరి నెలాఖరు వరకు, మంగళ, బుధ, గురువారాల్లో. వానలు పోయుంటాయి, ఎండ ముదరదు, పరీక్షల వేడి ఇంకా మొదలవదు. నవంబరు నుంచి జనవరి దాకా స్కూళ్ల విహారయాత్రల బస్సులు వరసగా దిగుతాయి, వారం మధ్యలోనే. అది చాలామంది ఊహించరు. మంగళవారం ఖాళీగా ఉంటుందనుకుని వెళితే వేవ్‌పూల్‌లో ఐదొందలమంది పిలకాయలు ఒకేసారి కేకలు పెడుతుంటారు. ఫిబ్రవరిలో ఈ బస్సులు తగ్గుతాయి. అప్పుడు కుదరకపోతే జులై, బడులు తెరిచాక, వారం మధ్యలో. బాబుకి ఒకట్రెండు రోజులు బడి పోయినా పర్లేదు.

ఎక్కడికి వెళ్లాలి

కావలి, నెల్లూరు వాళ్లకి చెన్నై దగ్గర. 2025 డిసెంబరులో తిరుప్పోరూర్ దగ్గర ఇళ్లలూరులో వండర్‌లా థీమ్ పార్కు మొదలయ్యాక పెద్ద రైడ్ల కోసం హైదరాబాద్ పోవాల్సిన అవసరం తగ్గింది. అయితే అది చెన్నైకి దక్షిణాన ఉంది. నెల్లూరు నుంచే 200 కిలోమీటర్లు దాటుతుంది, కావలి నుంచి ఇంకో గంట కలుపుకోండి. తడ, గుమ్మిడిపూండి దాటాక ఊళ్లోకి పోకుండా చెన్నై బైపాస్ పట్టుకుని, వండలూరు మీదుగా కేళంబాక్కం రోడ్డులో దిగడం మేలు. ఉదయం నాలుగింటికి బయల్దేరి పదింటికి గేటు దగ్గర దిగిన బాబుకి అప్పటికే సగం ఓపిక అయిపోయుంటుంది. పాప ఆరు గంటలు ఒకే భంగిమలో కూర్చునుంటుంది, కాళ్లు బిగుసుకుంటాయి. కాబట్టి ముందురోజు మధ్యాహ్నానికే చేరి పార్కుకి అరగంట దూరంలో గది తీసుకోండి. మొదటి రోజు ప్రయాణం, రెండో రోజు పార్కు, మూడో రోజు తిరుగుదారి. ఒంగోలు, చీరాల వాళ్లకైతే దీనికి వేరే దారే లేదు.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఇంజంబాక్కంలో వీజీపీ యూనివర్సల్ కింగ్‌డమ్, ముట్టుకాడులో ఎంజీఎం డిజ్జీ వరల్డ్ పాత పార్కులు. పెద్ద పిలకాయలకి థ్రిల్ కావాలంటే వండర్‌లానే, కానీ మొదటిసారి వెళ్లే ఆటిజం పిల్లవాడికి పాత పార్కు తక్కువేమీ కాదు. వీజీపీ పక్కనే మెరైన్ కింగ్‌డమ్ అనే అక్వేరియం ఉంది. లోపల చల్లగా, మసక వెలుతురుగా ఉంటుంది, తలమీద చేపలు తిరిగే సొరంగంలో నడుచుకుంటూ పోవచ్చు. పార్కులో రోజు చెడిపోతే మర్నాడు తిరుగుదారికి ముందు దీనికి ఒక పూట పెట్టుకోండి. నీళ్లంటే ఇష్టమున్న పిల్లలకి బాగా నచ్చే చోటు.

హైదరాబాద్ వెళ్లాలనుకుంటే సొంత బండిలో మేదరమెట్ల, అద్దంకి మీదుగా నార్కెట్‌పల్లి రోడ్డు. విజయవాడ హైవేలో కలిశాక రామోజీ ఫిల్మ్ సిటీ ఊరికి ముందే వస్తుంది. అక్కడి వండర్‌లాకి ఔటర్ రింగ్ రోడ్డెక్కి రావిర్యాల దగ్గర 13వ ఎగ్జిట్లో దిగాలి. ఫిల్మ్ సిటీ అత్తగారికి నచ్చుతుంది, కానీ రోజంతా బస్సు ఎక్కడం దిగడమే, షోలలో స్పీకర్ల మోత ఎక్కువ. మీ పాపకీ బాబుకీ ఆ రెండూ కష్టం. స్నో వరల్డ్ అసలు వద్దు: సున్నాకి దిగువన ఉండే చలిలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల కండరాలు మరింత బిగుస్తాయి, ఆ మందపాటి కోట్లూ బూట్లూ ఆటిజం పిల్లలు భరించరు.

మీ కుటుంబానికి నా సలహా చెన్నై వండర్‌లా, మూడు రోజుల ప్లాన్.

కాగితాలు

దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేయండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ రెండూ ఉన్నాయి. వైకల్యం సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షకి స్లాట్ సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు. పార్కు గేటు దగ్గర ఆటిజం అంటే బయటికి కనబడదు కాబట్టి "బాగానే ఉన్నాడుగా" అంటారు, కార్డు చూపిస్తే ఆ వాదన ఉండదు.

రైలు రాయితీకి మాత్రం రైల్వేవాళ్ల దివ్యాంగ్‌జన్ కార్డు వేరు. ప్రభుత్వ డాక్టరు రైల్వే ఫారంలోనే సంతకం చేసిన సర్టిఫికెట్ పెట్టి ముందుగానే తీసుకోవాలి. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకి సెకండ్, స్లీపర్, థర్డ్ ఏసీ, చైర్‌కార్‌లలో మామూలుగా 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ. తోడు వెళ్లే ఒకరికీ అంతే. కావలిలో ఆగే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో ఉంటారు, మూడు రోజుల ప్లాన్‌కి టైము సరిపోతుంది. కానీ అందులో కూర్చునే సీట్లే, పాపని పడుకోబెట్టలేరు, పైగా సెంట్రల్ నుంచి పార్కు చాలా దూరం. మీరు ఇంతమంది కాబట్టి పెద్ద బండి మాట్లాడుకోవడమే సుఖం. బండి మాట్లాడేటప్పుడు వీల్‌చైర్ మడిచి వెనక పెట్టాక సూట్‌కేసులకి చోటు మిగులుతుందా అని ఒకసారి పెట్టి చూడండి.

పార్కుకి మెయిల్

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మన దేశంలో పార్కులన్నిటికీ ఒకే పద్ధతి అంటూ లేదు. ఒకచోట దివ్యాంగులని పక్క దారిలో పంపుతారు, ఇంకోచోట డబ్బు పెట్టి ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొనుక్కోమంటారు, మరోచోట ఆ రోజు డ్యూటీలో ఉన్న మేనేజరు మంచితనం మీద నడుస్తుంది. ఫోన్లో "రండి సార్, చూసుకుంటాం" అన్నవాళ్లు గేటు దగ్గర ఉండరు. అందుకే మూడు వారాల ముందు మెయిల్ పెట్టండి, తేదీ రాసి, పిల్లల వయసు, ఎత్తు, ఇబ్బంది రెండు వాక్యాల్లో రాసి, ఇవి అడగండి: ఆటిజం పిల్లవాడు లైన్లో కాకుండా పక్కన కూర్చుని వంతు రాగానే వచ్చే ఏర్పాటు ఉందా, తోడు ఎంతమంది రావచ్చు. వీల్‌చైర్ నుంచి ఎత్తి సీట్లో కూర్చోబెడితే ఏ రైడ్లకి ఒప్పుకుంటారు, ఒక్కోదానికి మెట్లు ఎన్ని. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఎక్కడెక్కడ ఉంది. పెద్ద పిల్లలకి బట్టలూ డైపరూ మార్చడానికి ఫస్ట్ ఎయిడ్ గది ఇస్తారా. పిల్లవాడు బయటి తిండి తినడు, పెరుగన్నం డబ్బా తెచ్చుకోవచ్చా. మధ్యలో బయటికెళ్లి మళ్లీ రానిస్తారా. ఆ రోజుకి స్కూల్ గ్రూపులు బుక్ అయ్యాయా.

వచ్చిన జవాబుని ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. బయటి తిండి సాధారణంగా గేటు దగ్గరే ఆపేస్తారు, ఆ ప్రింటే పెరుగన్నాన్ని లోపలికి తీసుకుపోతుంది. వారంలో జవాబు రాకపోతే మళ్లీ రాయండి. దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షను ప్రకారం సౌకర్యాల బాధ్యత ప్రైవేటు సంస్థలకీ ఉంది. ఆ మాట మర్యాదగా ఒక వాక్యంలో రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

రైడ్ ఆపరేటర్ వద్దన్న రైడ్ వద్దు, అక్కడ వాదించొద్దు. రైడ్ మధ్యలో ఆగిపోతే నిచ్చెన మీదుగానో ఇరుకు మెట్ల మీదుగానో దింపాల్సి వస్తుంది, నడవలేనివాళ్లని అలా దింపడం కుదరదు కాబట్టి కొన్నిటికి నిజంగానే వద్దంటారు. కారణం చెప్పకుండా "వీల్‌చైర్ నాట్ అలౌడ్" అంటే మాత్రం గెస్ట్ సర్వీస్ కౌంటర్‌కి వెళ్లి అడగండి, పిల్లల ముందు మాత్రం వద్దు.

ఎవరికి ఏ రైడ్ వద్దు

ఇది డాక్టర్‌తో తేల్చుకోవాల్సింది, కానీ ఏమి అడగాలో తెలియాలి. మీ పాపకి మెడ నిలుస్తుందా, తుంటి కీలు పక్కకి జరిగిందా అన్నవి రెండు ప్రశ్నలు. సెరిబ్రల్ పాల్సీలో తుంటి జరగడం మామూలే, ఒడి మీద బిగించే కడ్డీ అక్కడే నొక్కుతుంది. తలలో షంట్ (మెదడులో చేరే నీటిని దించే గొట్టం) ఉంటే కుదుపు రైడ్లూ అయస్కాంతాలున్న రైడ్లూ న్యూరోసర్జన్‌ని అడగకుండా వద్దు. మూర్ఛ ఉంటే మినుకుమినుకుమనే లైట్లున్న చీకటి రైడ్లు మానుకోవాలి, నీళ్లలో ఒక పెద్ద మనిషి చేయందేంత దూరంలోనే ఉండాలి. మూర్ఛకి ఇచ్చే టోపిరమేట్, జోనిసమైడ్ మందులు వాడే పిల్లలకి చెమట సరిగా పట్టదు, ఒళ్లు లోపల కాగిపోతుంది. అలాంటి పిల్లలకి గంటకోసారి నీడ, తడి తువ్వాలు, నీళ్లు తప్పనిసరి.

ఇది చదివే వేరే తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, మెడ ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్నాకే కుదుపు రైడ్. వినికిడి కోసం చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే నీళ్ల రైడ్లకే కాదు, ప్లాస్టిక్ జారుడుబల్ల ముందు కూడా బయటి ప్రాసెసర్ తీసేయాలి. ప్లాస్టిక్ మీద పుట్టే స్థిర విద్యుత్తుకి ప్రోగ్రాం చెడిపోవచ్చు. తీసేశాక పిల్లకి ఏమీ వినబడదు, కాబట్టి సైగలు ముందే అనుకోవాలి.

మీ అత్తగారి విషయంలో కనిగిరి అన్న మాట నేను వదిలిపెట్టను. ఆ వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్లకి మెడ, నడుము బిగుసుకుపోయి ఉండొచ్చు. ఎముక గట్టిగా కనబడుతుంది గానీ పెళుసు, వెన్నెముక చుట్టూ ఉన్న స్నాయువులు కూడా గట్టిపడి ఉంటాయి. మోకాళ్ల నొప్పులే అనుకుని బంపర్ కార్లు, బోటు కిందికి దూకే రైడ్లు ఎక్కిస్తే ఒక్క కుదుపుకి దెబ్బ తగలొచ్చు. మెల్లగా తిరిగేవి, కూర్చుని చూసేవి చాలు.

ఆమెకి షుగరు కాబట్టి ఇంకోటి. చాలాకాలంగా షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. లాకర్లో చెప్పులు పెట్టి వేవ్‌పూల్ దాకా కాలుతున్న సిమెంటు మీద నడుస్తారు, కాలిన సంగతి తెలియదు, రాత్రికి పాదాల కింద బొబ్బలు. రబ్బరు అడుగున్న నీళ్ల చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, ముందే కొనండి. మాత్రో ఇన్సులినో వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, చేతి సంచిలో గ్లూకోజ్ ఉండాలి. ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటకూడదు, ఆగి ఉన్న కారులో ఎప్పుడూ వదలొద్దు. ఆమె ఎంత నడవగలనన్నా వీల్‌చైర్ అద్దెకి తీసుకోండి. పెద్ద పార్కులో ఐదారు కిలోమీటర్లు తెలియకుండానే నడుస్తారు, ఆ నొప్పి తెలిసేది మర్నాడు పొద్దున. పాప కుర్చీ మాత్రం ఇంటిదే తీసుకెళ్లండి, అద్దె కుర్చీలు పెద్దవాళ్ల కొలతకి చేసినవి.

ఇంట్లో మూడు వారాల సాధన

బాబుకి వెళ్లబోయే చోటు ముందే తెలియాలి. యూట్యూబ్‌లో ఆ పార్కు వీడియోలు చాలా ఉన్నాయి, రైడ్ మీద కూర్చుని తీసినవి రోజుకొకటి చూపించండి. మొదట శబ్దం లేకుండా, తర్వాత శబ్దంతో. పది ఫొటోలతో ఒక చిన్న పుస్తకం చేయండి: బండి, గది, గేటు, చేతికి పట్టీ, లాకర్, నీళ్లు, భోజనం, చివరి రైడ్, మళ్లీ బండి. చివరి రెండు పేజీలు చాలామంది వదిలేస్తారు. నీళ్లంటే ప్రాణమున్న పిల్లవాడికి లోపలికి పోవడం కష్టం కాదు, బయటికి రావడమే కష్టం. చివరి రైడ్ ఏదో ఇంట్లోనే తేలాలి, అక్కడ మార్చకూడదు.

చేతికి వేసే కాగితం పట్టీని చాలామంది పిలకాయలు గేటు దాటకముందే చింపేస్తారు. ఇంట్లో అలాంటిది రోజూ ఒక గంట కట్టి అలవాటు చేయండి. పడకపోతే బట్టకి పిన్ను పెట్టనిస్తారా అని మెయిల్లో అడగండి. నీళ్ల రైడ్లకి నూలు బట్టలు ఒప్పుకోరు, నైలానో సింథటిక్కో ఉండాలి. ఆ బట్ట ఒంటికి అతుక్కుంటే కొందరు పిలకాయలకి అసలు పడదు. కొని ఒకసారి ఉతికి, ట్యాగు కత్తిరించి, స్నానం చేసేటప్పుడు నాలుగైదు సార్లు తొడగండి. నెల్లూరులో ఎగ్జిబిషన్ పెడితే సాయంత్రం జనం చేరకముందే తీసుకెళ్లి చిన్న రైడ్ ఒకటి ఎక్కించి, అరగంటలో తిరిగొచ్చేయండి. లేకపోతే మాల్లో ప్లే ఏరియా అయినా చాలు. శబ్దాన్ని ఆపే ఇయర్‌మఫ్స్ కూడా ఇంట్లోనే అలవాటవ్వాలి. వేవ్‌పూల్ మొదలయ్యే సైరన్, టాయిలెట్లో చేతులు ఆరబెట్టే మిషన్, ఈ రెండింటికే ఎక్కువమంది పిలకాయలు బెదిరిపోతారు.

బాబు, పాప ఇద్దరి ఎత్తూ చెప్పులు లేకుండా సెంటీమీటర్లలో కొలవండి. చాలా పెద్ద రైడ్లకి 140 సెం.మీ. గీత ఉంటుంది, కొన్ని పార్కుల్లో టికెట్ కూడా ఎత్తుని బట్టే. నిలబడలేని పాపని పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా కొలిచి ఆ అంకె మెయిల్లో రాయండి. ఆమెని కుర్చీ నుంచి సీట్లోకి ఎత్తడం సిబ్బంది చేయరు, మీరే చేయాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఇద్దరు మగవాళ్లు ఒకసారి నేర్చుకుని రండి. చంకల కింద పట్టుకుని లాగడం భుజానికి ప్రమాదం.

ఆ రోజు

ప్రతి పిల్లకీ ఒక పెద్ద మనిషి, బాబుకి వంతుల కాపలా. అరగంటకోసారి మారండి, మారేటప్పుడు "ఇప్పుడు నా దగ్గర ఉన్నాడు" అని నోటితో చెప్పాలి. పిల్లవాడు తప్పిపోయేది ఎవరూ చూడనప్పుడు కాదు, నలుగురూ వేరేవాళ్లు చూస్తున్నారనుకున్నప్పుడు. పొద్దున గదిలోనే ఆ రోజు బట్టలతో ఫొటో తీయండి. నడుముకో చొక్కా లోపలో రెండు ఫోన్ నంబర్లున్న పట్టీ ఉండాలి. చెన్నై కాబట్టి తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఒక కార్డు రాయించండి: బాబుకి ఆటిజం, పిలిస్తే పలకడు, గట్టిగా పట్టుకోవద్దు, ఈ నంబరుకి ఫోన్ చేయండి. ఒకవేళ కనబడకపోతే మొదట వెతకాల్సింది నీళ్ల దగ్గర. గేటు దగ్గరికి ఒకరు, వేవ్‌పూల్‌కి ఇద్దరు, లైఫ్‌గార్డుకి వెంటనే మాట. ఆటిజం పిల్లలు నీళ్లవైపే నడుస్తారు, తల్లిదండ్రులు మాత్రం ముందు అంగళ్ల దగ్గర వెతుకుతారు.

గేటు తెరిచేముందే చేరండి. నీళ్ల రైడ్లు సాధారణంగా మధ్యాహ్నానికి గానీ తెరవరు, ఆ సంగతి బాబు పుస్తకంలో ఉండాలి, లేకపోతే మూసి ఉన్న పూల్ చూసి మొదటి గంటలోనే గొడవ. పొద్దున నెమ్మదైన పొడి రైడ్లు రెండు మూడు. పన్నెండింటికే భోజనం ముగించండి, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా కౌంటర్ల దగ్గర నిలబడే చోటుండదు. తర్వాత నీళ్లు. పాపని చల్లటి నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలకి మించి ఉంచకండి, కండరాలు బిగుసుకుంటాయి. తీసి తుడిచి, పొడిబట్ట వేసి, వెచ్చగా ఉండే నీడలో కాసేపుంచి మళ్లీ. పాదం, చీలమండ వంగకుండా కాళ్లకి వేసే ప్లాస్టిక్ ఆసరాలు (ఏఎఫ్ఓలు) లాకర్లోనే ఉంచండి. తడిసిన ఏఎఫ్ఓ, తడిసిన సాక్సు కలిసి ఒక్క పూటలో మడమ మీద పుండు చేస్తాయి. కుర్చీ కుషన్ మీద ప్లాస్టిక్ కవరు, తడి నేల మీద ఆగిన ప్రతిసారీ బ్రేకు. దాహానికి ఓఆర్ఎస్ అయితే మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్, లీటరు నీళ్లకి ఒకటి. అరలీటరు సీసాలో మొత్తం ప్యాకెట్ పోయకండి.

బట్టలు మార్చే గది దగ్గర తల్లితో ఉన్న పెద్ద మగపిల్లాడి విషయంలో ఇబ్బంది వస్తుంది. బాబుకి తొమ్మిదే కాబట్టి ఇప్పుడు పర్లేదేమో, ఇంకో మూడేళ్లకి ఆడవాళ్ల గదిలోకి రానివ్వరు. నాన్నో మేనమామో ఒకరుండాలి, లేదా నీళ్ల బట్టలు గది నుంచే లోపల వేసుకుని రావాలి.

బాబు తట్టుకోలేక అరవడం మొదలుపెడితే మాటలు తగ్గించండి. ఒక్కరే దగ్గరుండండి, మిగతావాళ్లు పిలకాయలని తీసుకుని దూరం జరగండి. నీడ, నిశ్శబ్దం, నీళ్లు. బతిమాలడం, బెదిరించడం, చుట్టూ నలుగురూ చేరి తలా ఒక మాట చెప్పడం, ఇవన్నీ శబ్దాన్నే పెంచుతాయి. ఇందుకోసమే పొద్దున లోపలికి రాగానే ఒక ప్రశాంతమైన మూల చూసి పెట్టుకోవాలి.

ఆ ఇద్దరు పిలకాయలని మర్చిపోవద్దు. వాళ్లకి బాబాయితో పూర్తి మూడు గంటలు విడిగా ఇవ్వండి, పెద్ద రైడ్లన్నీ ఆ మూడు గంటల్లో. రోజంతా తమ్ముడి కోసం, చెల్లి కోసం ఆగమని చెబితే వాళ్లకి ఇది పండగలా ఉండదు, మళ్లీ రామంటారు. నాలుగింటికల్లా అందరూ గేటు దగ్గర కలవండి. మూసే వేళ దాకా ఉంటే లాకర్ల దగ్గరా పార్కింగ్‌లోనూ ఒకేసారి జనం, అలసిన పిల్లలకి అది అన్నిటికన్నా చెడ్డ గంట.

అమెరికాలో పిల్లలున్న వాళ్లు డిస్నీ గురించి కూడా అడుగుతుంటారు. అక్కడి పద్ధతి వేరు. లైన్లో నిలబడకుండా వంతు వచ్చే వేళకి రానిచ్చే డీఏఎస్ అనే ఏర్పాటు ఉంది, 2024లో నిబంధనలు బిగించారు. ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల ఎక్కువసేపు లైన్లో ఉండలేనివాళ్లకే ఇస్తారు, ముందుగా వీడియోలో మాట్లాడి నమోదు చేసుకోవాలి. మోకాళ్ల నొప్పులకి ఇవ్వరు, అక్కడి లైన్లు చాలావరకు వీల్‌చైర్‌తోనే పోయేలా ఉంటాయి. యూనివర్సల్ ఓర్లాండో పార్కుకి ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఇచ్చే ప్రత్యేక అవసరాల కార్డు కనీసం 48 గంటల ముందు తీసుకోవాలి. చిన్నపిల్లతో తల్లీతండ్రీ వంతులవారీగా ఎక్కే ఏర్పాటు (డిస్నీలో రైడర్ స్విచ్ అంటారు) రెండు చోట్లా ఉంది. అలాంటిది ఇక్కడ పేరు లేకపోయినా అడిగితే చాలామంది ఆపరేటర్లు ఒప్పుకుంటారు.

రాత్రి గదికి రాగానే అత్తగారి రెండు పాదాల కింద లైటు వేసి చూడండి, వేళ్ల సందులు కూడా. పాప తుంటి వెనక, తోక ఎముక దగ్గర, మడమల మీద ఎరుపు ఉందేమో చూడండి. అరగంట తర్వాత కూడా ఆ ఎరుపు పోకపోతే మర్నాడు బండిలో అటు బరువు పడకుండా పడుకోబెట్టాలి. బాబు చెవుల్లో నీళ్లు తుడిచి, వాడికి అలవాటైన అన్నం పెట్టి త్వరగా పడుకోబెట్టండి. ఇంటికొచ్చిన మర్నాడు బడికి పంపకండి.